ఎవరూ మాయం కాని ఆట

బ్లాక్‌పూల్‌లో వానకి కాలంతో పనిలేదు.
పొద్దున్నే టోస్టు మాడిన వాసనలో
మెట్ల పక్క గూట్లోంచి కరపత్రాలు లాగి
అతిథులు నన్నే అడుగుతారు:
"గ్లెనిస్, ఈ రాత్రికి ఏ మ్యాజిక్కు?"

ముప్పై రెండేళ్ళుగా ఈ లాడ్జి నాది.
పదకొండు గదులు, ఒక్కటే మంచి గీజరు.
షోల సంగతి మాత్రం నన్నడగాల్సిందే.

పెద్ద థియేటర్ వాడికి పొగెక్కువ, పనితనం తక్కువ;
మోటార్‌సైకిల్ని మాయం చేస్తాడు,
మన డబ్బుల్ని అంతకంటే వేగంగా.
టవర్ వెనక సందులో మనసులు చదివే ఆవిడ
నిరుడు నా మనసు చదివి
"మీరు సముద్రం దగ్గర ఉంటారు కదూ" అంది.
పియర్ చివర ముసలి సెడ్రిక్:
చేతులు వణుకుతాయి, పేకముక్కలు వణకవు.

కొత్తగా పెళ్ళైనవాళ్ళని మోటార్‌సైకిల్‌కి పంపుతాను,
చీకట్లో ఎలాగూ చూడరు.
లెక్కల మాస్టార్లని ఎక్కడికీ పంపను.
గుట్టు పట్టుకోవాలని వెళ్ళినవాడికి
పక్కవాడి నవ్వు కూడా వినపడదు.

సెప్టెంబరులో, రోడ్డు పొడుగునా దీపాలు వెలిగే వారం
బర్న్‌లీ నుంచి రస్సెల్ హిండిల్ వచ్చాడు, తొమ్మిదేళ్ళ కూతురితో.
మూడు మంచాల గది ఫిబ్రవరిలోనే తీసుకున్నారు.
వచ్చింది ఇద్దరు.
నేనేమీ అడగలేదు. మూడో మంచం మీద దుప్పటి తీసేశాను.
తీయకుండా ఉండాల్సిందేమో.

పిల్ల పళ్ళెంలో బీన్స్‌ని వరసలు పేరుస్తుంటే
అతను నా బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి
"ఎవరూ మాయం కానిది ఏదైనా ఉందా?" అన్నాడు.

ముప్పై రెండేళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న.
కాగితాలన్నీ పరిచాను.
ఒకదాంట్లో అమ్మాయి పెట్టెలోకి వెళ్తుంది, పావురం వస్తుంది.
ఇంకోదాంట్లో పరదా పడుతుంది, లేస్తుంది, కుర్చీ ఖాళీ.
మా కనికట్టు వృత్తంతా ఇంతేనా,
ఉన్నవాళ్ళని లేకుండా చేసి చప్పట్లు కొట్టించుకోవడమేనా?
చివరికి సెడ్రిక్ దొరికాడు. తాళ్ళు, గిన్నెలు, బంతులు.
పోయిందేదైనా ఏదో ఒక గిన్నె కింద ఉంటుంది.
మధ్యాహ్నం ఆట, పిల్లకి సగం టికెట్.

సాయంత్రం తడి బూట్లతో గుమ్మంలోనే ఆగింది బ్రయొనీ.
"తాడు కోశాడు, అతికించాడు.
ముడి అరచేతిలోనే ఉంది. నేను చూశాను."
గూట్లోంచి పెద్ద థియేటర్ కాగితం లాగింది.
"నాకిది కావాలి.
లోపలికెళ్ళినావిడ ఎక్కడుంటుందో చూడాలి."

రస్సెల్ గొడుగు మడుస్తున్నాడు,
అప్పటికే మడిచేసిన గొడుగుని.

నా పందొమ్మిదో ఏట, రెండు సీజన్లు,
ఆ పెట్టెలో ఉన్నది నేనే.
జలతారు గౌను, గడ్డానికి ఆనిన మోకాళ్ళు,
జిగురు వాసన, నాకు ముందు ఉన్నదాని చెమట వాసన,
నలభై దాకా లెక్క.
ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నవాడు
రెండు వారాల జీతం ఎగ్గొట్టి చచ్చాడు.
అయినా యాభై ఏళ్ళు నోరు విప్పలేదు, మా ఆయన దగ్గర కూడా.

"ఇరుకు," అన్నాను పిల్లతో.
"కాళ్ళు తిమ్మిరెక్కుతాయి.
బయట జనం నీకోసం వెతుక్కునే సద్దు మాత్రం వినిపిస్తుంది."
"అరవొచ్చా?"
"అరవకూడదు."
"నలభై అయ్యాక?"

నా పెట్టెకైతే జవాబుంది.
కెటిల్ మరుగుతోందని వంటింట్లోకి వెళ్ళాను.
కెటిల్ పెట్టనేలేదు.

తిరిగొచ్చేసరికి రస్సెల్ ఫోనులో
మూడు టికెట్లు కొంటున్నాడు.
"మీరూ రండి గ్లెనిస్. ఎటు చూడాలో మాకు తెలీదు."

మోటార్‌సైకిల్ పోయింది. పొగ పోయింది.
దాని మీద కూర్చున్న ఎర్ర గౌను ఆవిడా పోయింది.
పక్క సీట్లో పిల్ల పెదాలు కదులుతున్నాయి,
ముప్పై తొమ్మిది, నలభై,
నలభై ఒకటి.
వేదిక ఇంకా ఖాళీ.
నా కాలంలో ఈపాటికి వచ్చేసేదాన్ని.